ఆ ఫోన్‌లో నేను పెట్టిన చెవి

హిందూపురంలో ఇరవై రెండేళ్లు సెల్‌ఫోన్లు బాగుచేశాను. చూపు మందగించి, చిన్న స్క్రూలు రెండుగా కనిపించడం మొదలయ్యాక షాపు మూసేశాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. డిస్‌ప్లే మార్చడం, ఛార్జింగ్ పిన్ను అతికించడం మీకు ఎవరైనా నేర్పుతారు. నేను చెప్పదలచుకున్నది నేను చేసిన ఒక తప్పు గురించి, దానివల్ల ఒక ఆడబిడ్డ పడిన భయం గురించి. నా భయం కూడా ఇందులో ఉంది. దాన్ని దాచుకుంటే ఇది రాసి లాభం లేదు.

ఖాదర్ భాయ్ పద్ధతి

నేను పని నేర్చుకున్నది ధర్మవరంలో, ఖాదర్ భాయ్ దగ్గర. ఆయన మొదట్లో రేడియోలు, టేప్ రికార్డర్లు బాగుచేసేవాడు. సెల్‌ఫోన్లు వచ్చాక వాటిలోకి మారాడు. కోపం ఎక్కువ. సోల్డరింగ్ సరిగా లేకపోతే ఆ బోర్డు నా ముందరే మళ్లీ విప్పేవాడు. అయితే ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఏ ఫోన్ వచ్చినా, దాని యజమాని చేత్తోనే లాక్ తీయించేవాడు.

ఒకసారి ఒకాయన తన అన్న ఫోన్ తెచ్చి లాక్ తీయమన్నాడు. భాయ్ చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"మీ అన్నను తోలుకోని రాప్పా."

"ఆయన ఊర్లో లేడు భాయ్. ఎంత కావాలో చెప్పు, ఇస్తా."

"వచ్చినాక రాండి ఇద్దరూ."

ఆ మనిషి తిట్టుకుంటూ పోయాడు. బేరం పోయిందని నేను గొణిగితే భాయ్ నావైపు తిరిగి, "లాక్ తీసేది మన పని కాదురా. అది ఎవరిదో వాళ్ళ పని" అన్నాడు. అప్పుడు నాకది ముసలితనపు చాదస్తంలా అనిపించింది.

బయటి దొంగలు

సొంత షాపు పెట్టుకున్న కొన్నేళ్లకు స్మార్ట్‌ఫోన్లు వచ్చాయి, వాటి వెంటే వైరస్‌లూ వచ్చాయి. తెర మీద ఆగకుండా ప్రకటనలు, తెలియని యాప్‌లు, మనం పంపని మెసేజ్‌లు. ఈ మధ్యకాలంలో ఎక్కువగా వచ్చింది పెళ్లిపత్రిక. వాట్సాప్‌లో తెలిసినవాళ్ల నంబరు నుంచే వస్తుంది. నొక్కితే పత్రిక తెరుచుకోదు, ఏదో ఇన్‌స్టాల్ చేయమంటుంది. సరే అన్నామా, ఫోన్ మన చెయ్యి దాటిపోయినట్టే.

లేపాక్షి నుంచి ఒక రిటైర్డు మాస్టరుగారు అట్లాగే నొక్కారు. మరుక్షణం ఆయన ఫోన్ నుంచి ఆ పత్రిక ఆయన పాత విద్యార్థులందరికీ వెళ్లిపోయింది. మాస్టరుగారు పంపారన్న నమ్మకంతో వాళ్లలో చాలామంది నొక్కారు. నేను ఫోన్ శుభ్రం చేస్తుంటే, ఆయన మా షాపు ఫోన్‌తో ఒక్కొక్కరికీ చేసి "నేను పంపింది తెరవాకు నాయనా" అని చెబుతూ కూర్చున్నారు. సాయంత్రానికి గొంతు పూర్తిగా పోయింది.

ఇలాంటివి చూసీ చూసీ, ఫోన్‌లో దూరే దొంగ ఎప్పుడూ బయటినుంచే వస్తాడని అనుకున్నాను. ఇంట్లోవాడు కూడా రావచ్చని, వాడికి తలుపు తీసేది నాలాంటివాడే కావచ్చని నాకు తట్టలేదు.

నా తప్పు

ఒక మధ్యాహ్నం నాగరాజు అనే అతను షాపుకు వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి. పెనుకొండలో గూడ్స్ ఆటో నడుపుతాడు. మెత్తగా, మర్యాదగా మాట్లాడతాడు. చేతిలో ఉన్న ఫోన్ అతనిది కాదని చూస్తేనే తెలిసిపోతోంది. వెనక పూల బొమ్మల కవరు ఉంది.

"మా ఇంట్లోదన్నా. ఆ యమ్మి ఈడ బట్టలు కుట్టే ఫ్యాక్టరీకి వస్తాది. ఇంటికొచ్చేతలికి పొద్దుపోతాది. దోవలో ఏమన్నా అయితే నాకెట్ల తెలుస్తాది? యాడుండాదో తెలిసేతట్ల ఏదన్నా పెట్టియ్యి."

"ఆ యమ్మికి చెప్పినావా?"

"చెప్తే ఊరికే భయపడ్తాది. స్క్రీన్ గార్డు వేయిస్తానని తెచ్చినా."

ఆ మాట దగ్గరే ఫోన్ తిరిగి ఇచ్చేయాల్సింది. ఇవ్వలేదు. మొగుడూ పెళ్లాల వ్యవహారం, మనకెందుకు అనుకున్నాను. అంతకన్నా నిజమైన కారణం ఇంకోటి ఉంది. అలాంటి యాప్ ఒకటుందని నాకు తెలుసు, దాన్ని పెట్టడం చేతనవునని చూపించుకోవాలనిపించింది. లాక్ అతనే తీసిచ్చాడు. ఫోన్‌లో ఉండే రక్షణను ముందు ఆపేశాను. అనుమానపు యాప్‌లను పట్టుకునే కాపలా అది. తర్వాత ఆ యాప్ ఎక్కించాను. అది ఒక్కొక్క అనుమతీ అడుగుతుంటే సరే, సరే అని నొక్కుతూ పోయాను.

"మాటలు గూడా వినపడ్తాయా అన్నా?" అని అడిగాడు.

"వినపడతాయి. కావాలంటే అది ఆపేస్తా."

"వద్దులే. అన్నీ ఉండనీ" అన్నాడు.

చివరికి ఆ యాప్‌కు ఒక పేరు పెట్టాలి. సెట్టింగుల జాబితాలో ఎవరైనా చూసినా అనుమానం రాని పేరు. నేను కాసేపు ఆలోచించి, తెలుగులో "బ్యాటరీ సేవ" అని టైపు చేశాను. నాగరాజు చూసి నవ్వాడు. నేనూ నవ్వాను.

పచ్చ చుక్క

రెండేళ్లు గడిచాయి. ఎండాకాలం. షాపులో నేను, నా భార్య సరోజ ఉన్నాం. ఆమె రీఛార్జీలు, కవర్ల అమ్మకం చూసుకునేది. ఒక అమ్మాయి లోపలికి వచ్చి, ఏ క్షణమైనా వెళ్లిపోవాలన్నట్టు కౌంటరు అంచున నిలబడింది. పేరు అరుణ అని చెప్పింది. కరెంటు లేక ఆ రోజు ఫ్యాక్టరీలో తొందరగా పంపేశారట.

"అన్నా, ఫోన్ కాగుతాండాది. పొద్దున నిండా ఛార్జింగ్ పెట్టినా మధ్యాన్నానికి అయిపోతాది. రవ్వంత చూడన్నా."

పూల కవరు పోయి మామూలు కవరు వచ్చింది కాబట్టి నేను ఫోన్‌ను గుర్తుపట్టలేదు. లాక్ తీయమన్నాను, తీసింది. తెర పైన కుడి మూలలో చిన్న పచ్చ చుక్క వెలుగుతోంది. కొత్త ఫోన్లలో మైకుగానీ కెమెరాగానీ పనిచేస్తున్నప్పుడు ఆ చుక్క కనిపిస్తుంది. కానీ ఆ అమ్మాయి ఎవరితోనూ మాట్లాడడం లేదు. అంటే ఫోన్ మా మాటలు వింటోంది.

"ఎవరో వింటాండారమ్మా" అనబోయి నోరు మూసుకున్నాను. సెట్టింగుల్లోకి వెళ్లాను. ఫోన్‌లో జరిగేదంతా చూడగల అనుమతి ఏ యాప్‌లకు ఉందో చూపే జాబితా ఒకటుంటుంది. అది తెరిచాను. అందులో ఒక్క పేరే ఉంది. బ్యాటరీ సేవ.

కుర్చీలో కూర్చున్నాను. ఎదురుగా ఆ అమ్మాయి, "ఏమైందన్నా, పోయిందా ఫోన్?" అని అడుగుతోంది.

కాగితం మీద మాటలు

బిల్లు పుస్తకం తిప్పి వెనకవైపు రాశాను: "మాట్లాడొద్దు. ఈ ఫోన్ వింటోంది." పైకి మాత్రం, "బ్యాటరీ ఉబ్బిందమ్మా. గంట పడతాది" అన్నాను.

ఆమె చదివింది. మళ్లీ చదివింది. ఇంతలో ఫోన్ మోగింది. భర్త. దగ్గరే ఉన్నాను కాబట్టి అతని గొంతు నాకూ వినపడింది.

"యాడుండావు?"

"ఫోన్ షాపులో. ఛార్జింగ్ నిలబడ్డం లేదని..."

"బ్యాటరీ మార్చేకి గంట ఎందుకు?"

గంట అన్న మాట ఆమె అతనికి చెప్పలేదు. నేను ఆమెకు చెప్పాను, అంతే. అరుణ కళ్లెత్తి నావైపు చూసింది. ఇక కాగితం మీద రాసి ఒప్పించాల్సిన పని లేకపోయింది. "తెల్దు. వస్తాలే" అని ఫోన్ పెట్టేసింది. పెన్ను తీసుకుని రాసింది: "తీసెయ్ అన్నా. ఇప్పుడే తీసెయ్."

నేను తీసేయబోయాను. ఒక్క నిమిషం పని. సరోజ నా చెయ్యి పట్టుకుంది. అంతసేపూ మా రాతలు చదువుతూనే ఉంది. పెన్ను లాక్కుని రాసింది: "తీస్తే వానికి తెలిసిపోతాది. ఈ యమ్మి సాయంత్రం ఆ ఇంటికే పోవాల."

నేను ఫోన్ గురించి ఆలోచిస్తున్నాను. సరోజ ఆ అమ్మాయి ఎక్కడ పడుకుంటుందో ఆలోచించింది. ఆ రోజు నేను చేయబోయిన రెండో తప్పును ఆమె ఆపింది.

"కొడతాడా?" అని సరోజ రాసింది. అరుణ చీర కొంగు కొంచెం జరిపి మెడ వెనక చూపించింది. సరోజ కొంగు సర్ది, "అమ్మా వాళ్ళు యాడ?" అని రాసింది. "ధర్మవరం." పిల్లలు ఇంకా లేరు. చేతిలో సంచీ, అందులో టిఫిన్ డబ్బా, అంతే.

ఫోన్‌ను ఛార్జింగ్‌లో పెట్టి షెల్ఫ్ మీద ఉంచాను. అది ఇక్కడే ఉన్నంతసేపూ ఆమె కూడా ఇక్కడే ఉందని అతను అనుకుంటాడు. సరోజ తన ఫోన్, సంచీ తీసుకుని, చప్పుడు కాకుండా అరుణను వెనక గుమ్మం నుంచి రైల్వే స్టేషన్‌కు తీసుకెళ్లింది, ధర్మవరం దాకా తోడు పోవడానికి. ధర్మవరం పోయే బండి నాగరాజు ఉండే పెనుకొండలో ఆగుతుంది. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు, ఎవరమూ రాయలేదు.

రైల్లో అరుణ చెప్పుకున్నదీ, జరిగిందీ సరోజ తర్వాత నాకు చెప్పింది. ఒకసారి అరుణ, పది దినాలు పుట్టింటికి పోవాలనుందని మధ్యాహ్నం భోజనాల దగ్గర స్నేహితురాలితో అందట. రాత్రి అన్నం తింటూ నాగరాజు అదే మాట, ఒక్క అక్షరం మారకుండా ఆమెకు అప్పజెప్పాడు. స్నేహితురాలే చెప్పిందనుకుని అరుణ ఆమెతో మాట్లాడడం మానేసింది. తర్వాత తల్లినీ అనుమానించింది. "నువ్వు మనసులో అనుకునేవి గూడా నాకు తెలుస్తాయి" అనేవాడట నాగరాజు. ఆమె నమ్మింది. "అక్కా, నేను మనసులో అనుకునేకి గూడా భయపడ్తాంటి" అందట.

పెనుకొండ స్టేషన్‌లో బండి ఆగిన రెండు నిమిషాలూ అరుణ కిటికీ కిందికి జారి, సరోజ మోకాలు పట్టుకుని కూర్చుంది. ఆ గోళ్ల గుర్తులు నాకు సరోజ మర్నాడు చూపించింది.

అతను వచ్చాడు

ఇక్కడ షాపులో ఫోన్ మళ్లీ మోగింది. రెండుసార్లు వదిలేశాను. మూడోసారి ఎత్తాను.

"ఆ యమ్మికియ్యన్నా."

"టీ తాగేకి పోయిందప్పా."

"నేను వస్తాండా" అని పెట్టేశాడు.

పెనుకొండ నుంచి హిందూపురానికి గంట దారి. ఆ గంటలో నేను చేసింది చెబుతాను. ఆ యాప్ పేరు, దానికున్న అనుమతులు, పచ్చ చుక్క కనిపించే తెర, అన్నీ నా ఫోన్‌తో ఫోటోలు తీశాను. ఆ తర్వాత షట్టరు దించి పారిపోదామని రెండుసార్లు లేచాను. రెండుసార్లూ కూర్చున్నాను.

నాగరాజు వచ్చి కౌంటరు మీద మోచేతులు పెట్టాడు. మొదటిసారి వచ్చినప్పటి మర్యాదే.

"ఫోన్ ఇయ్యన్నా."

"అది ఆ యమ్మిది. ఆ యమ్మి వస్తే ఇస్తా."

"ఆ యమ్మి యాడ?"

"నాకు తెల్దు."

షెల్ఫ్ మీద ఫోన్ వైపు చూశాడు. "నేను వింటానే ఉండాను అన్నా. గంటసేపు ఆడోళ్ల మాట ఒక్కటి గూడా లేదు. పెన్ను గీసే సప్పుడు మాత్రం వచ్చింది" అన్నాడు. గొంతు పెంచలేదు. "పోలీసుల కాడికి పోతే పో. ఆ పేరు టైపు చేసింది ఎవరని అడుగుతారు. నేను చెప్తా."

ఎదురుగా టీ బంకు దగ్గరికి పోయి, నేను షాపు మూసేదాకా అక్కడే నిలబడ్డాడు. ఒక్కసారి కూడా కూర్చోలేదు. నేను ఫోన్ స్విచాఫ్ చేసి, చొక్కా లోపల పెట్టుకుని ఇంటికి నడిచాను. వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేకపోయింది.

నిజం చెప్పాలంటే ఆ సాయంత్రం నాకు అరుణ గురించిన భయం కన్నా నా గురించిన భయమే ఎక్కువ. ఫోన్‌ను పూర్తిగా చెరిపేస్తే నేను పెట్టిన పేరు కూడా పోతుంది. ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన నాతోపాటు అన్నం తింది, నాతోపాటు పడుకుంది.

ధర్మవరంలో

పొద్దున్నే బస్సెక్కి ధర్మవరం పోయాను. అరుణ వాళ్ల అమ్మ పట్టుచీరలు నేస్తుంది. ఇంట్లో మగ్గం ఆగి ఉంది. తల్లీకూతుళ్లు, సరోజ, నేను కలిసి పోలీస్ స్టేషన్‌కు వెళ్లాం. ఒక మహిళా హెడ్ కానిస్టేబుల్ మా మాటలు రాసుకుంది. ఫోన్ ఇచ్చాను, ఫోటోలు చూపించాను.

"దీన్ని ఎవరు పెట్టింటారు? ఆయప్పకు ఇంత పని తెలుసునా?" అని ఆమె అడిగింది.

"నేనే పెట్టినానమ్మా."

సరోజ నావైపు తిరిగింది. ఆమెకు కూడా నేను చెప్పలేదు. అరుణ మాత్రం చాలాసేపు బల్ల వైపే చూసింది. తిడుతుందనుకున్నాను. చివరికి ఒకే ఒక్కటి అడిగింది.

"ఆ పేరు గూడా నువ్వే పెట్టినావా అన్నా?"

"నేనే."

తల ఊపింది. ఆ తల ఊపడం నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. ఎవరైనా నన్ను మంచి మెకానిక్ అన్నప్పుడు మరీ.

నామీద కేసు పెట్టాలా, నన్ను సాక్షిగా రాయాలా అని పోలీసులు కాసేపు మాట్లాడుకున్నారు. సాక్షిగా రాశారు. నాగరాజును పిలిపించి అతని ఫోన్ తీసుకున్నారు. అందులో అరుణ మాటలు నెలలకొద్దీ దాచి ఉన్నాయి. అతన్ని అరెస్టు చేశారు, తర్వాత బెయిలు మీద వచ్చాడు. కోర్టు వాయిదాలు ఇంకా నడుస్తున్నాయి. అరుణ ఆ ఇంటికి మళ్లీ పోలేదు. నాకు మాత్రం ఆ తర్వాత చాలాకాలం, షాపు ముందు గూడ్స్ ఆటో ఆగితే పని వదిలి ముందు డ్రైవరు ఎవరో చూడటం అలవాటైపోయింది.

మీరు చూడవలసినవి

ఫోన్ ఊరికే వేడెక్కుతోందని, ఛార్జింగ్ నిలవడం లేదని, డేటా తొందరగా అయిపోతోందని ఎవరైనా వస్తే వెంటనే బ్యాటరీ మార్చకండి. చాలాసార్లు అది నిజంగా బ్యాటరీయే అయుంటుంది. అయినా ముందు ఫోన్ సొంత రక్షణ పనిచేస్తోందో లేదో చూడండి. ఎవరో ఆపేసి ఉంటే, ఎవరు ఆపారని యజమానిని అడగండి. ఏ యాప్‌కు మైకు, లొకేషన్, తెర చూసే అనుమతి ఉందో, ఏ యాప్‌కు ఫోన్ మీద అధికారం ఇచ్చారో చూడండి. పేరు ఎంత మంచిగా ఉంటే అంత ఎక్కువసేపు చూడండి.

యాప్‌లు కంపెనీ స్టోర్ నుంచి తప్ప, మెసేజ్‌లో వచ్చిన ఫైలు నొక్కి వేసుకోవద్దని ప్రతి ఒక్కరికీ చెప్పండి, అది మీ మేనమామ పంపినా సరే. ఫోన్ అప్‌డేట్ అడిగితే చేయించండి. లాక్ నంబరు ఇంట్లోవాళ్లకు కూడా తెలియాల్సిన పని లేదని ఆడపిల్లలకు మెల్లగా చెప్పండి. మీరు చెప్పకపోతే వాళ్లకు ఎవరూ చెప్పరు.

ఇక వినే యాప్ దొరికితే, ఆ ఫోన్ దగ్గర ఆ మాట ఎత్తకండి. గబుక్కున తీసేయకండి. ఆ మనిషి ఆ సాయంత్రం ఎక్కడికి పోవాలో ముందు తెలుసుకోండి. సాక్ష్యంగా ఫోటోలు తీయండి. ఆమె క్షేమంగా ఉన్నచోట, పోలీసులకు చూపించాకే ఫోన్ మొత్తం చెరిపించండి. పాస్‌వర్డులన్నీ వేరే ఫోన్ నుంచి మార్పించండి. అన్నిటికన్నా ముందు, అలాంటిది పెట్టమని మీ దగ్గరికి ఎవరైనా వస్తే పెట్టకండి. కారణం ఎంత బాగా చెప్పినా సరే. మెత్తగా చెప్పేవాడి విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండండి.

మొన్న చూశాను

షాపు మూసేశాక ఒకరోజు చుట్టాలింటి పని మీద ధర్మవరం పోయాను. పట్టుచీరల అంగళ్ల వీధిలో అరుణ ఎదురైంది. ఒక అంగట్లో చీరలు మడతపెట్టే పనిలో చేరిందట. కాస్త ఒళ్లు చేసింది. ముందు తను పలకరిస్తుందని నేను అనుకోలేదు.

"బాగుండావా అన్నా? అక్క బాగుండాదా?"

"బాగుండామమ్మా. నీకు ఇప్పుడెట్ల ఉండాది?"

"నిద్ర పడ్తాండాదన్నా" అంది. అంతకన్నా మంచి మాట నేను చాలాకాలంగా వినలేదు.

అప్పుడు ఆమె సంచీలో ఫోన్ మోగింది. కొత్త ఫోన్, కొత్త నంబరు, నేను ముట్టుకోనిది. ఆమె దాన్ని వెంటనే తీయలేదు. ముందు వీధి ఆ చివర చూసింది, తర్వాత ఈ చివర చూసింది, ఆగి ఉన్న ఆటోల్లోకి చూసింది. నేను కూడా తెలియకుండానే ఆమెతోపాటు అటూ ఇటూ చూస్తున్నాను. చివరికి ఫోన్ తీసి పేరు చూసింది.

"అమ్మన్నా. కొత్తిమీర తెమ్మంటాండాది" అంది.

మాట్లాడి ఫోన్ సంచీలో పెట్టుకుంది. పెట్టుకున్నాక సంచీ మూతి రెండు చేతులతో గట్టిగా బిగించి పట్టుకుని, అలాగే అంగడి వైపు నడిచిపోయింది.